ఆరువందల యాభై వాట్ల మర్యాద

మా బావగారు బుల్లబ్బాయి గారి చదువు అయిదో తరగతి. నాది ఎం.సి.ఏ. నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పద్దెనిమిదేళ్ళుగా కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. ఆయన రావులపాలెం మార్కెట్లో ముప్ఫయ్యేళ్ళుగా అరటిగెలలు చూస్తున్నారు. చూడటమే ఆయన వృత్తి. రైతు గెల దించగానే ఈయన దాన్ని ఒక్కసారి ఎత్తి, పక్కకి తిప్పి, కాయ మీద వేలితో తట్టి, ఎన్ని కిలోలుంటుందో, ఎన్నాళ్ళకి పండుతుందో, ఒరిస్సా లారీ ఎక్కిస్తే దారిలో నల్లబడుతుందో లేదో చెబుతారు. తర్వాత కాటా వేస్తే అరకిలో అటూ ఇటూగా అంతే వస్తుంది. ఈ విద్యకి పట్టా ఇచ్చే యూనివర్సిటీ లేదు. ఉంటే ఆయన అక్కడ వైస్ ఛాన్సలర్ అయ్యుండేవారు, నేను అక్కడ కూడా లెక్చరర్‌గానే మిగిలేవాణ్ణి.

మా వైపు ఏ వస్తువు కొనడానికైనా ఎవరూ ఒంటరిగా వెళ్ళరు. చూడటానికి ఒక మనిషిని వెంట తీసుకెళ్తారు. బావగారి ఊళ్ళో ఆ మనిషి ఆయనే. గేదె కొన్నా ఆయనే, మోటారు కొన్నా ఆయనే. ఒకాయన సెకండ్ హ్యాండ్ కారు కొనబోతే, ఈయన ఇంజను జోలికి వెళ్ళకుండా సీటు కింద పట్టా ఎత్తి వాసన చూసి, ఈ బండి ఒకసారి వరదలో ఈదిందని చెప్పారు. నిజంగానే ఈదింది. పెళ్ళిచూపులకి కూడా తీసుకెళ్తారు. ఒక సంబంధం చూసొచ్చి, "అబ్బాయి మంచోడే గానండి, వాళ్ళమ్మగారు మనకి కాఫీ ఇచ్చేముందు కొడుకు మొహం చూసేరు. ఆ ఇంట్లో కాఫీ ఇవ్వడానిక్కూడా ఆవిడకి అనుమతి కావాలి లాగుందండి" అన్నారు. ఆడపిల్లవాళ్ళు ఆ సంబంధం వదిలేశారు.

ఇందులో ఆయన పాటించే పద్ధతి ఒకటుంది. అమ్మేవాడి మనసు నొప్పించరు. వాడి ముందు "వస్తువు లక్షణంగా ఉందండి, మావాడికే యోగం లేదు" అంటారు. కొనేవాడి దగ్గర మాత్రం నిజం దాచరు. కొట్టు గుమ్మం దాటకముందే చెవిలో చెప్పేస్తారు. మెత్తగా మాట్లాడి మొహమాటం లేకుండా బేరం చెడగొట్టే మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

నాకు ఆయనంటే కుళ్ళు. దాచుకోవడం దేనికి? ఈ పద్దెనిమిదేళ్ళలో నన్ను ఒక్కరూ, దేన్నీ చూడటానికి పిలవలేదు. చివరికి స్మార్ట్‌ఫోన్ కొనడానిక్కూడా ఆయన్నే తీసుకెళ్తారు. ఆయన జేబులో ఉన్నది ఇప్పటికీ మీటల ఫోను. అడిగితే, "చదువుకున్నోళ్ళకి వస్తువు మీద రాసింది కనపడతాదండి, వస్తువు కనపడదు" అంటారు ఊళ్ళోవాళ్ళు. నా ముందే అంటారు. చదవేస్తే ఉన్న మతి పోయిందనే సామెత పుట్టింది మా జిల్లాలోనే అని నా అనుమానం.

కిందటి శ్రావణంలో మా మేనకోడలు సాయిదుర్గకి కంప్యూటర్ అవసరం పడింది. సాయిదుర్గ అంటే మా అక్క నాగేశ్వరికీ ఈ బావగారికీ ఒక్కతే కూతురు. సివిల్ ఇంజనీరింగ్ చదివింది. విజయవాడలో ఇళ్ళకి నమూనాలు గీసే ఆఫీసులో పనిచేస్తుండగా ఆ ఆఫీసు మూతపడింది. ఆరు నెలలుగా ఇంట్లో ఉంది. బెంగళూరు కంపెనీ ఒకటి ఇంట్లోంచే చేసే ఉద్యోగం ఇస్తామంది. ఇంకా కట్టని ఇంటిని కంప్యూటర్‌లో కట్టి, అందులో నడిచి చూసినట్టు వీడియో చెయ్యడం పని. సిస్టం నీదే అయ్యుండాలి అన్నారు. ఒక నమూనా వీడియో చేసి ఫలానా శుక్రవారం సాయంత్రం అయిదు గంటల్లోగా పంపాలి అన్నారు. అది అందితే ఉద్యోగం. అందకపోతే తణుకులో మా చిన్నాన్న గారి ఎరువుల కొట్లో బిల్లులు కొట్టడం. మా చిన్నాన్న ఇంటికొచ్చినప్పుడల్లా, "నీ కుర్చీ ఖాళీగానే ఉందమ్మా" అని ప్రేమగా గుర్తుచేసి, మరో పెసరట్టు వేయించుకుని వెళ్ళేవాడు. అప్పుడు ఆ పిల్ల మొహం చూడలేకపోయేవాళ్ళం.

కాబట్టి ఇది మామూలు కొనుగోలు కాదు. చేతిలో పది రోజులున్నాయి. నేను ఒక రాత్రి కూర్చుని రెండు పేజీల జాబితా రాశాను. ఏ ప్రాసెసర్, ఎంత ర్యామ్, ఏ గ్రాఫిక్స్ కార్డు, ఏ ఎస్సెంపీఎస్, అన్నీ కంపెనీ పేర్లతో సహా. ఎస్సెంపీఎస్ అంటే గోడలోంచి వచ్చే కరెంటుని లోపలి భాగాలకి తగినట్టు పంచిపెట్టే ఇనప డబ్బా. ఇంట్లో వంటమనిషి లాంటిది, అది సరిగ్గా లేకపోతే మిగతా అందరూ ఎంత గొప్పవాళ్ళయినా పస్తే.

బావగారు జాబితా అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి పేజీ తలకిందులుగా కాసేపు చూశారు. "పెళ్ళి సామాన్ల చీటీలా రాసేవేంట్రా ప్రసాదూ. సరే, కొట్టుకెళ్ళి చూద్దాం" అని దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. దారిలో దానితో కళ్ళజోడు తుడుచుకున్నారు.

సాయిదుర్గకి ఆ రోజు కంపెనీవాళ్ళతో ఫోన్ మీటింగు ఉండి రాలేదు. నేనూ బావగారూ రాజమండ్రిలో చంద్రరావు అనే ఆయన కంప్యూటర్ల కొట్టుకి వెళ్ళాం. బావగారు ఒక చక్రకేళీ అరటిపళ్ళ హస్తం తెచ్చి కౌంటరు మీద పెట్టారు. కొనడానికి వెళ్తూ కొట్టువాడికి పళ్ళు పట్టుకెళ్ళే ఆచారం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలీదు. నేను మాత్రం గోడ మీద ఉన్న సినిమా బొమ్మని చూస్తున్నట్టు నటించాను. ఎందుకంటే కొట్లో మా కాలేజీ ఫైనలియర్ విద్యార్థులు ఇద్దరున్నారు. వాళ్ళు లేచి నిలబడి నమస్కారం పెట్టారు.

ఇక బావగారి పరీక్షలు మొదలయ్యాయి. ముందు క్యాబినెట్లు. పక్కన అద్దం, లోపల రంగురంగుల దీపాలు ఉన్నదాన్ని చంద్రరావు ఎంతో ఇష్టంగా చూపించాడు. "జాతరలో రికార్డింగ్ డాన్సు పెట్టినట్టుందండి. మా అమ్మాయి పని చేసుకోవాలి" అని పక్కకి జరిపారు. ప్రాసెసర్ చేతికిస్తే అటూ ఇటూ తిప్పి, "ఆత్రేయపురం పూతరేకు ముక్కయినా ఇంతకంటే పెద్దగా ఉంటాది గదండీ" అన్నారు. కీబోర్డు మీద ఉన్న నూట నాలుగు మీటలనీ ఒక్కొక్కటే నొక్కారు. పది నిమిషాలు పట్టింది. నాలుగో కీబోర్డులో ఒక మీట మిగతావాటికంటే ఆలస్యంగా పైకి లేస్తోందని పక్కన పెట్టేశారు. మౌసుని కౌంటరు మీదా, తన పంచె మీదా, చివరికి చంద్రరావు అరచేతి మీదా కదిపి చూశారు.

మానిటర్ ఎదురుగా నిలబడలేదు. పక్కకి వెళ్ళి, వంగి, ఓరగా చూశారు. "పక్కనుంచి చూత్తే బొమ్మలో మనిషి మొహం నల్లబడకూడదండి. ఇది నల్లబడుతోంది. దానికి లేదు" అన్నారు. యూపీఎస్ పెట్టించి, కంప్యూటర్ నడుస్తుండగానే గోడ దగ్గర ప్లగ్గు పీకేశారు. చంద్రరావు గుండె పట్టుకున్నాడు. తెర వెలుగుతూనే ఉంది. "ఇది ఇచ్చెయ్యండి" అన్నారు. ఇవన్నీ నేను క్లాసులో చెప్పే పరీక్షలే. నేను ముప్ఫై స్లైడ్లలో చెబుతాను. ఆయన ఏ స్లైడూ లేకుండా చేస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. గ్రాఫిక్స్ కార్డు మాత్రం, రెండు ఫ్యాన్లున్నది కాదని మూడు ఫ్యాన్లున్నది తీసుకున్నారు. "గాలాడితే సరుకు చెడదు" అన్నారు. అది నా జాబితాలో లేదు. నేను నోరు విప్పబోతే విద్యార్థులు నవ్వు ఆపుకుంటూ కనిపించారు.

చివరిగా ఎస్సెంపీఎస్. నేను రాసిన రెండు కంపెనీలవీ లేవన్నాడు చంద్రరావు. "వారం పడతాదండి మాస్టారూ. ఇది చూడండి, అదే ఆరువందల యాభై వాట్లండి. కొత్తగా వచ్చింది. పైగా బరువు చూడండి. మీకు నేను చెప్పేదేముందండి, నలుగురికి చెప్పేవారు మీరు" అని డబ్బా బావగారికి కాకుండా నాకిచ్చాడు.

నా జీవితంలో ఒక వస్తువుని చూడమని నా చేతికివ్వడం అదే మొదటిసారి. నేను దాన్ని అందుకుని, పైకెత్తి, విద్యార్థుల వైపు తిరిగాను. "మంచి ఎస్సెంపీఎస్‌కి బరువే మొదటి గుర్తు. లోపల రాగి తీగా ఇనుమూ ఎంత ఎక్కువుంటే అంత బరువు. చౌకరకం ఎప్పుడూ తేలిగ్గా ఉంటుంది. ఇది చూడండి, రాయిలా ఉంది" అన్నాను. వాళ్ళు తలలూపారు. చంద్రరావు అందరికంటే ఎక్కువ ఊపాడు.

బావగారు చెయ్యి చాపారు. డబ్బాని రెండు అరచేతుల మీద పెట్టుకుని నెమ్మదిగా ఈ పక్కకీ ఆ పక్కకీ వంచారు. చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి ఊపారు. గెలని చూసేటప్పుడు కూడా ఆయన మొహం అలాగే ఉంటుంది.

"ప్రసాదూ, బరువంతా ఓ మూలే ఉందిరా. మిగతాదంతా బోలుగా ఉంది" అన్నారు చిన్నగా.

"బావగారూ, ఇది అరటిగెల కాదండి" అన్నాను పెద్దగా.

విద్యార్థులు నవ్వారు. చంద్రరావు నవ్వాడు. నేనూ నవ్వాను. బావగారు నా వైపు చూశారు, ఆ పిల్లల వైపు చూశారు. ఇంకొకరి కోసం వచ్చి ఉంటే ఆయన ఆ డబ్బాని అక్కడే పెట్టి, చెప్పులు తొడుక్కుని, గుమ్మంలో చెవి కొరికేవారు. నాకు ఆ సంగతి తెలుసు. ఆయన డబ్బాని కౌంటరు మీద జాగ్రత్తగా దించారు.

"మా బావమరిది గారు చూసేరు గదండీ. ఇక నేను చూసేదేముంది. కట్టెయ్యండి" అన్నారు.

ఇంట్లో నన్ను ఒరే అనే మనిషి పరాయివాళ్ళ ముందు గారు అన్నారంటే నేను కాస్త ఆలోచించాల్సింది. ఆలోచించలేదు. ఆ గారు బరువుకి ఉబ్బిపోయాను. సామానంతా నా కారులో వేసుకుని వాళ్ళ ఊరు బయల్దేరాం. వేమగిరి దాటాక ఆయన, "ప్రసాదూ, ఆ డబ్బా సంగతి..." అని మొదలుపెట్టారు. నేను వెంటనే వాట్లంటే ఏమిటో, వోల్టులంటే ఏమిటో అందుకుని జొన్నాడ వంతెన దాటేదాకా ఆపలేదు. వంతెన దిగేసరికి ఆయన కిటికీలోంచి గోదావరి కేసి చూస్తున్నారు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇంట్లో బిగింపు నేనే చేశాను. మా అక్క మంచి ఘడియ వచ్చేదాకా స్విచ్చి వెయ్యనివ్వలేదు. మానిటర్‌కి బొట్టు పెట్టి, యూపీఎస్ కింద నిమ్మకాయ పెట్టి, క్యాబినెట్ ముందు అగరొత్తి గుచ్చింది. మానిటర్ మీద, క్యాబినెట్ మీద ప్లాస్టిక్ కవర్లు తియ్యనివ్వలేదు. "కొత్త సామాను, దుమ్ము పడతాది తమ్ముడూ" అంది. ఆ ఇంట్లో ఫ్రిజ్జుకి కొన్ననాటి కవరు ఇంకా ఉంది. ఫ్రిజ్జు వయసు పదకొండేళ్ళు.

ఆరు రోజులు సాయిదుర్గ తెర ముందునుంచి లేవలేదు. ఇల్లు కట్టింది, మెట్లు పెట్టింది, కిటికీలోంచి ఎండ పడేట్టు చేసింది. బావగారు సాయంత్రం మార్కెట్ నుంచి వచ్చి వెనక నిలబడి, "ఆ వంటింటి గుమ్మం ఇరుగ్గా ఉందమ్మా, గంగాళం పట్టదు" అని చెబితే అది కూడా మార్చింది. బుధవారం పొద్దున్న అసలు పని మొదలైంది. అంటే ఆమె కట్టిన ఇంటిని కంప్యూటర్ రెండువేల పైచిలుకు బొమ్మలుగా తయారుచెయ్యాలి. ఒక్కో బొమ్మకీ అర నిమిషం. అవన్నీ కలిపితే వీడియో. ఆమె చెయ్యాల్సింది ఇక ఏమీ లేదు, యంత్రం ఆగకుండా ఉంటే చాలు.

గంటకి యంత్రం ఆగింది. ఠక్కుమని తెర నల్లబడింది.

సాయిదుర్గ ఫోన్ చేసింది. నేను కాలేజీకి సెలవు పెట్టి వెళ్ళాను. ముందు ప్లాస్టిక్ కవర్లు పీకించి మా అక్కని తిట్టాను. మళ్ళీ ఆగింది. అగరొత్తి పొగ ఫ్యాన్లలోకి పోతోందన్నాను. అగరొత్తి తీసేశారు. ఆగింది. పల్లెటూరి కరెంటు అన్నాను. స్టెబిలైజర్ తెప్పించాను. ఆగింది. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టు, ఆ ఇంట్లో ఉన్న ప్రతి వస్తువు మీదా నేరం మోపాను, చివరికి నిమ్మకాయ మీద కూడా. గురువారం మధ్యాహ్నానికి నా వేలు గ్రాఫిక్స్ కార్డు మీద నిలిచింది. "మూడు ఫ్యాన్లున్నది వద్దు మొర్రో అన్నాను. అది కరెంటు ఎక్కువ తాగుతోంది" అన్నాను. నిజానికి నేను మొర్రో అనలేదు, అసలేమీ అనలేదు. బావగారు కాదనలేదు. "అలాగా" అన్నారు. ఆయన మధ్యమధ్య వచ్చి, గేదె డొక్క తడిమినట్టు క్యాబినెట్ వెనక చెయ్యి పెట్టి చూసేవారు.

"వాసన వత్తందిరా" అన్నారు ఒకసారి.

"కొత్త సామాను వాసనండి" అన్నాను.

సాయిదుర్గ మాత్రం ఎవర్నీ ఏమీ అనలేదు. యంత్రం ఆగినప్పుడల్లా చల్లారేదాకా ఆగి మళ్ళీ వెయ్యడం, ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి మొదలుపెట్టడం. అలా గంటకోసారి లేపుతూ రెండు రోజులు నడిపింది. కళ్ళు వాచిపోయాయి. అన్నం కలిపి నోట్లో పెట్టబోయిన మా అక్కని, "అమ్మా, పక్కకి జరుగు, తెర కనపడట్లేదు" అంది. శుక్రవారం పొద్దున్న పది గంటలకి ఇంకా అయిదువందల బొమ్మలు మిగిలి ఉండగా లోపల చిన్నగా టప్‌మంది. ఈసారి మీట నొక్కినా లేవలేదు. గదంతా కాలిన వాసన.

ఇక సాకులు అయిపోయాయి. ఎస్సెంపీఎస్ బయటికి తీసి, కాసేపు ఆగి, మరలు విప్పాను. సాయిదుర్గ టార్చి పట్టుకుంది. లోపల నల్లగా మాడిన పలచటి బోర్డు ఒకటి, అగ్గిపెట్టెంత రాగి చుట్ట ఒకటి ఉన్నాయి. ఒక మూల, రేకుకి అంటించి, సిమెంటు దిమ్మ. అక్షరాలా సిమెంటు. తాపీపని బాగా కుదిరింది, అంచులు కూడా నున్నగా తీర్చారు.

నేను ఆ దిమ్మని పట్టుకునే, బరువే మొదటి గుర్తు అని ఇద్దరు విద్యార్థులకి పాఠం చెప్పాను.

"ఇది ఎవరు చూసి తీసుకున్నారు?" అంది సాయిదుర్గ.

నేను నోరు తెరిచాను. మింగలేక కక్కలేక ఉన్న ఆ ఒక్క క్షణంలో బావగారు అందుకున్నారు.

"నేనేనమ్మా. బరువుందని తీసుకున్నాను. పొరపాటైపోయింది."

"నాన్నా, ఇది అరటిపళ్ళ బేరం కాదు. నా ఉద్యోగం. ఇకమీద నా వాటిల్లో నువ్వు చెయ్యి పెట్టకు" అంది. గట్టిగా కూడా అనలేదు. అలిసిపోయి అంది.

"అలాగేనమ్మా" అన్నారాయన.

నేను అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. టైము లేదని నాకు నేను చెప్పుకున్నాను. ఆ దిమ్మతో సహా డబ్బాని సంచిలో వేసుకుని కారెక్కాం. బావగారు ఒక్క నిమిషం ఆగమని, లోపలికి వెళ్ళి చక్రకేళీ హస్తం తెచ్చారు. "మనం గొడవకి వెళ్తున్నామండి" అన్నాను. "అయితే ఉత్తచేతుల్తో వెళ్తామేంట్రా" అన్నారు.

కొట్లో ఏం చూస్తానో అని భయపడ్డాను, అదే చూశాను. మా కాలేజీ పిల్లలు. ఈసారి నలుగురు. చంద్రరావు సిమెంటు దిమ్మ చూసి నిజంగానే తెల్లబోయాడు. పైనుంచి ఎలా వచ్చిందో అలాగే అమ్మానని, తనకి తెలియదని ఒట్టు వేశాడు. తర్వాత తేరుకుని నా వైపు తిరిగాడు. "అయినా మాస్టారు చేత్తో చూసి, బాగుందన్నాకే గదండీ కట్టింది" అన్నాడు. నలుగురు పిల్లలూ నన్నే చూస్తున్నారు.

"ఆయన అనలేదండి. ఆయన రాసిచ్చిన కంపెనీ వేరు. చీటీ నా జేబులోనే ఉంది. బరువు చూసి మోజు పడింది నేను" అన్నారు బావగారు. పళ్ళు కౌంటరు మీద పెట్టారు. "జరిగిందేదో జరిగింది గానండి, ఉన్న ఎస్సెంపీఎస్‌లన్నీ ఇలా వరసగా పెట్టండి. మాకు టైము లేదు."

చంద్రరావు తొమ్మిది డబ్బాలు పెట్టాడు. బావగారు ఒక్కొక్కటీ అరచేతుల మీదికి తీసుకుని వంచి చూశారు. నేను డబ్బాలు అందించాను. ఆరోదాన్ని పక్కకి తీశారు. "బరువు సమంగా ఉంది. ఇది" అన్నారు. దాని కంపెనీ పేరు చూశాను. అది నా జాబితాలో రెండో పేరు, ఆ వారంలోనే వచ్చిందట.

ఒంటిగంటకి ఇంటికొచ్చి బిగించాను. దేవుడి దయవల్ల మిగతావేవీ కాలలేదు. స్విచ్చి వేశాక అది మళ్ళీ ఆగలేదు. అయినా బొమ్మలు పూర్తయ్యేసరికి అయిదుంపావు. అన్నీ కలిపి పంపేసరికి ఆరున్నర. గంటన్నర ఆలస్యం. కంపెనీ ఆవిడ సోమవారం ఫోన్ చేసింది. పని బాగుంది గానీ గడువు దాటింది కాబట్టి ఇప్పుడే ఉద్యోగం ఇవ్వలేమని, మూడు నెలలు సగం జీతం మీద చూస్తామని, ఈలోగా ఒక్కసారి ఆలస్యమైనా ఇక పిలవమని చెప్పింది. సాయిదుర్గ సరే అంది. తణుకు కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందని మా చిన్నాన్న మర్నాడే వచ్చి చెప్పి వెళ్ళాడు.

ఇక ఊరు. ఊరికి ఈ సంగతి ఎవరూ మోసుకెళ్ళక్కర్లేకపోయింది. బావగారే టీకొట్టు దగ్గర, "నేను కంప్యూటరని సిమెంటు కొన్నానండి" అని నవ్వుతూ చెప్పారు. అందరూ నవ్వారు. వారం పోయాక కూడా నవ్వారు. ఎవరైనా ఇల్లు కడుతుంటే, "సిమెంటు కావాలంటే బుల్లబ్బాయి గారిని అడగండి" అనడం మొదలైంది. ఆ నెలలో ఒకాయన గేదె కొన్నాడు, ఈయన్ని పిలవలేదు. పిలవకపోతే ఏమైందన్నట్టే ఉన్నారు బావగారు. కానీ ఆ రోజు సాయంత్రం గేదెని ఊళ్ళోకి తోలుకొస్తుంటే అరుగు మీదనుంచి లేచి నిలబడి అది మలుపు తిరిగేదాకా చూశారట. మా అక్క చెప్పింది.

దసరా వెళ్ళాక ఒక ఆదివారం నేను వాళ్ళింట్లో ఉండగా పల్లంరాజు గారు వచ్చారు. వాళ్ళ వీధిలోనే ఉండే రైతు. ఆయన ఇంటికి ఏ వస్తువు వచ్చినా ఇరవయ్యేళ్ళుగా బావగారి చెయ్యి పడ్డాకే వచ్చింది. కుర్చీలో కూర్చుని, కాఫీ తాగి, బావగారిని కుశలం అడిగి, నా వైపు తిరిగారు.

"మాస్టారూ, ఇన్వర్టరు బ్యాటరీ కొందామనుకుంటున్నానండి. అదీ బరువుతో చూసే సరుకే గదండీ. ఎల్లుండి రాజమండ్రి వత్తాను. మీరు పక్కనుంటే ధైర్యంగా ఉంటాదండి."

పద్దెనిమిదేళ్ళు ఎదురుచూసిన పిలుపు. వచ్చింది. వచ్చేసరికి నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"ఆయ్, తీసుకెళ్ళండి. మా ప్రసాదు గారికి ఇవన్నీ బాగా తెలుసు" అన్నారు బావగారు. ఆ గారు వినగానే ఇక నావల్ల కాలేదు.

"రాజుగారూ, ఆ సిమెంటు డబ్బా తీసుకోమన్నది నేనండి. బావగారు చేత్తో పట్టుకోగానే చెప్పారు, బరువంతా ఓ మూలే ఉందని. నేనే వినలేదు. అందరి ముందూ ఆయన్ని వెటకారం చేశాను కూడా" అన్నాను.

పల్లంరాజు గారు కప్పు కింద పెట్టారు. బావగారి మొహం ఎర్రబడింది. ఆయన కోపం నేను అప్పుడే చూశాను. "ఏంట్రా ఆ మాటలు. ఇంటికొచ్చినవారి ముందు నిన్ను నువ్వే తీసేసుకుంటావా? మీ అక్క ఏమైపోవాలి?" అన్నారు. నేను నిజం చెప్పినందుకు కాదు, ఆయన అంత కష్టపడి నిలబెట్టిన నా పరువుని నేనే పారేసినందుకు ఆ కోపం.

లోపలి గదిలో పనిచేసుకుంటున్న సాయిదుర్గ హెడ్‌ఫోన్లు మెడలోకి లాక్కుని గుమ్మంలోకి వచ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను. నా వైపు చూడలేదు.

"నాన్నా, అది బాలేదని నీకు కొట్లోనే తెలిసిందా?"

బావగారు భుజం మీద కండువా సర్దుకున్నారు. "తెలిసిందమ్మా."

"గేదె కొనుక్కునేవాళ్ళక్కూడా చెవిలో చెప్తావు గదా. నా సామాను దగ్గర ఎందుకు చెప్పలేదు?"

అమ్మేవాడికి ఒక జవాబు, కొనేవాడికి ఒక జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకునే మనిషి, కండువా తీసి మళ్ళీ మడత పెట్టుకున్నారు. పల్లంరాజు గారు లేవాలో కూర్చోవాలో తెలియక కుర్చీ అంచున ఉన్నారు.

"మీ మావయ్య పక్కనే ఉన్నారు గదమ్మా" అన్నారు చివరికి.

"అవును నాన్నా. నేనే లేను అక్కడ" అంది సాయిదుర్గ. హెడ్‌ఫోన్లు మళ్ళీ పెట్టుకుని వెళ్ళి పనిలో కూర్చుంది.